ఆఫీసు ఉద్యోగికో వీధి



మీరు మునిసిపల్ ఆఫీసుకు ఎప్పుడెప్పుడు వెళ్తారు? ఇంటిపన్ను కట్టడానికి వెళ్తారు. బర్త్ సర్టిఫికెట్ కోసం వెళ్తారు. కుళాయి కనెక్షన్ కోసం, ఇంటి ప్లాన్ కోసం వెళ్తారు. సరే. మరి ఆ ఆఫీసులో కూర్చునే గుమాస్తాగారు మీ వీధికి ఎప్పుడు వస్తారు? బిల్ కలెక్టర్ వస్తారు, నిజమే. మార్చి నెలలో మరీ తరచుగా వస్తారు. మిగతావాళ్ళ సంగతేమిటి? అకౌంట్స్ చూసే ఆవిడ, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసే ఆయన, జనన మరణాల రిజిస్టర్ రాసే కుర్రాడు, వీళ్ళంతా మీ వీధికి ఎప్పుడొచ్చారు?

వాళ్ళు మీ వీధిని కాగితం మీద చూస్తారు. మీ వార్డు నంబరు తెలుసు. మీ అసెస్‌మెంట్ నంబరు తెలుసు. మూలమలుపు దగ్గర ఎవరింటి ముందు మురుగు నిలుస్తుందో తెలీదు. తెలుసుకోవలసిన అవసరం వాళ్ళ ఉద్యోగంలో లేదు.

ఇవాళ నేను చెప్పబోయేది ఒకే ఒక్క సంగతి. మునిసిపల్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేసే ప్రతి ఉద్యోగికీ ఒక వీధి అప్పగించాలి. వారానికి ఒక పూట ఆ వీధిలో ఉండాలి. ఆ వీధిని బాగుచేసే పనిలో చెయ్యి కలపాలి. బుద్ధిపుడితే వెళ్ళడం కాదు, ఉద్యోగంలో భాగంగా వెళ్ళడం. మళ్ళీ చెబుతున్నాను. ఒక ఉద్యోగి, ఒక వీధి, వారానికి ఒక పూట.

నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. ఒక మునిసిపల్ ఆఫీసులో, రెవెన్యూ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఊరిపేరు వద్దులెండి. పాతవాళ్ళు ఇంకా ఉన్నారు, నొచ్చుకుంటారు. బయట నిలబడి లోపలివాళ్ళ మీద రాళ్ళు వేస్తున్నాడని అనుకోకండి, అంతే.

ఇలాంటి కార్యక్రమాలు మన దగ్గర లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు దేశమంతా ప్రతిజ్ఞ చేశాం. ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి రెండు గంటలు శుభ్రతకు ఇస్తామని అందులో ఉంది. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర జరుపుతున్నారు. ఆ రోజు ఆఫీసులవాళ్ళు కూడా చీపురు పట్టాలి. ఇవేవీ చెడ్డవి కావు. నెలకో రోజైనా ఆఫీసు బీరువాల వెనక దుమ్ము కదిలితే మంచిదే.

అయితే ఇలాంటి ఏ కార్యక్రమంలోనైనా జరిగే తంతు మీరు చూసే ఉంటారు. ముందురోజు సాయంత్రమే కార్మికులు వచ్చి ఆ రోడ్డు ఊడ్చేస్తారు. తెల్లారేసరికి ఫ్లెక్సీ కడతారు. కొత్త చీపుళ్ళ కట్ట దిగుతుంది. అందరికీ టోపీలు, చేతులకు తొడుగులు. ఊడ్చిన రోడ్డునే మళ్ళీ ఊడుస్తారు. ఒక ఊళ్ళో అయితే ఊడవడానికి ఏమీ మిగల్లేదని పక్క పార్కు నుంచి రెండు బుట్టల ఎండుటాకులు తెచ్చి పోశారు. ఫొటో తీస్తారు. వాట్సాప్ గ్రూపులో పెడతారు. తర్వాత ఇడ్లీ, వడ తింటారు. తిన్న ప్లేట్లు, తాగిన కప్పులు ఎవరు తీశారని అడగకండి.

అందులో లోపం చీపురుది కాదు. ఊడ్చినవాళ్ళది కూడా కాదు. లోపం ఏమిటంటే, ఆ వీధి వాళ్ళలో ఎవరిదీ కాదు. వచ్చే నెల ఇంకో వీధి, ఇంకో ఫ్లెక్సీ. ఈ నెల ఊడ్చిన చోట చెత్త మళ్ళీ ఎందుకు పడిందో ఎవరూ తిరిగొచ్చి చూడరు. అందుకే నేను అంటున్నది నెలనెలా మారే వీధి కాదు. ఒక ఉద్యోగి, ఒకే వీధి.

ఇది జరిగేపనేనా అంటారా? ఒక పెద్ద నగరంలో జరిగింది. ఆ కథ కొంచెం నెమ్మదిగా చెబుతాను. సూరత్ సంగతి.

గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న ఊరు. మనవాళ్ళకు పరాయి ఊరేం కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి అక్కడి మరమగ్గాల మీద బతికిన నేత కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడిపింది.

1994 సెప్టెంబరు. భారీ వానలు పడ్డాయి. తాపీకి వరద వచ్చింది. నీళ్ళు తీశాక పల్లపు బస్తీల్లో బురద, చచ్చిన జంతువులు, ఎత్తని చెత్త మిగిలాయి. సెప్టెంబరు మూడో వారానికి వేద్ రోడ్డు ప్రాంతంలో జ్వరాలు, రక్తం కక్కుకోవడం, చావులు. ప్లేగు అన్నారు. ఊపిరితిత్తులకు సోకే ప్లేగు. రెండు మూడు రోజుల్లో లక్షలమంది ఊరు వదిలి వెళ్ళిపోయారు. రైళ్ళలో, బస్సుల్లో, లారీల్లో, దొరికినదాంట్లో పోయారు. ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది క్లినిక్కులకు తాళాలు వేశారు. దేశం మొత్తం మీద టెట్రాసైక్లిన్ మాత్రలకు కొరత వచ్చింది. విదేశాలు మన విమానాలను ఆపాయి, మన సరుకు వద్దన్నాయి. పోయిన ప్రాణాలు యాభై పైచిలుకు. ప్రాణాల లెక్క అంత. భయం లెక్క మాత్రం దేశాన్ని కుదిపేసింది.

ఆ మరుసటి ఏడాది, 1995 మేలో, సూరత్‌కు కొత్త మునిసిపల్ కమిషనర్ వచ్చారు. ఆయన పేరు సూర్యదేవర రామచంద్రరావు. వింటేనే తెలుస్తుంది, మన తెలుగు పేరు. అందరూ ఎస్.ఆర్. రావు అంటారు. ఆయన ఏం చేశారు? డబ్బు కుమ్మరించారా? విదేశీ యంత్రాలు తెప్పించారా? అవి కావు మొదటి పని. ఆయన పెద్ద ఉద్యోగులందరినీ పొద్దున్నే వీధుల్లోకి పంపారు. తానూ వెళ్ళారు. రోజూ ఉదయం పూట వాళ్ళెవరూ ఆఫీసులో ఉండకూడదు. వార్డుల్లో తిరగాలి. చెత్త ఎత్తారా, కాలువ కదిలిందా, హోటలువాడు ఎంగిలాకులు ఎక్కడ పోస్తున్నాడు, ఇవన్నీ కళ్ళతో చూడాలి. మధ్యాహ్నం తర్వాతే ఆఫీసు. అప్పుడు అందరూ కలిసి కూర్చోవాలి. పొద్దున చూసినదాని మీద అక్కడికక్కడే నిర్ణయం జరగాలి.

ఆ పద్ధతికి ఆయన పెట్టిన పేరు ఏసీ టు డీసీ. కరెంటు సంగతి కాదండీ. ఏసీ అంటే చల్లటి గది, డీసీ అంటే రోజువారీ పని. చల్లటి గదిలోంచి రోజువారీ పనిలోకి రండి అని.

ఇంకో ముఖ్యమైన పని చేశారు. నగరాన్ని ఆరు జోన్లు చేసి, ఒక్కో జోనుకు ఒక్కో కమిషనర్‌ను పెట్టారు. తన దగ్గర ఉన్న అధికారాలు, ఖర్చుపెట్టే అధికారంతో సహా, వాళ్ళకు పంచారు. ఇది గమనించండి. వీధిలోకి వెళ్ళిన మనిషికి ఏదో ఒకటి చేసే అధికారం లేకపోతే అతను వెళ్ళి ఏం లాభం? చూసి, ఫైలు రాసి, పైకి పంపి, ఎదురుచూడాలి. ఈలోగా చెత్త ఎదురుచూడదు కదా.

పెద్ద రోడ్లు రాత్రిపూట ఊడ్పించడం మొదలుపెట్టారు. శుభ్రత పాటించని హోటళ్ళకు జరిమానాలు వేశారు. ఆక్రమణలు తొలగించేటప్పుడు పలుకుబడి ఉన్నవాళ్ళవి కూడా వదల్లేదు. అంతకుముందు ఊళ్ళో పుట్టిన చెత్తలో సుమారు సగమే రోజూ కదిలేది. రెండేళ్ళ లోపే తొంభై శాతం పైగా కదలడం మొదలైంది. దేశంలో మురికి ఊరిగా పేరుపడ్డ సూరత్‌ను 1996లో ఇంటాక్ అనే సంస్థ దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా చెప్పింది. మొదటిది చండీగఢ్.

మీలో కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. మంచి అధికారి ఉన్నన్నాళ్ళు బాగుంటుంది, బదిలీ అయితే మళ్ళీ మామూలే అని. మన అనుభవం అదే కాబట్టి ఆ అనుమానం న్యాయమే. సూరత్‌లో ఏమైందో వినండి. రావుగారు బదిలీ అయి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత, 2006 ఆగస్టులో, తాపీ మళ్ళీ పొంగింది. ఈసారి 1994 కంటే పెద్ద వరద. నగరంలో చాలా భాగం మునిగింది. ప్లేగు మాత్రం రాలేదు. నీళ్ళు తీసిన మరుక్షణం నుంచి బురద ఎత్తే పని వీధివీధినా మొదలైంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్ పరిశుభ్రత ర్యాంకుల్లో ఇండోర్‌తో పాటు మొదటి స్థానం సూరత్‌ది. అలవాటు ఆఫీసుదైతే అధికారి మారినా కొంత నిలుస్తుంది.

వీధిలోకి వెళ్ళినంత మాత్రాన అంత తేడా ఎందుకు వస్తుంది? ఇది మీకు పెళ్ళి భోజనాలతో చెబుతాను.

పెళ్ళికూతురి తండ్రి మండపం దగ్గర ఉంటాడు. వచ్చినవాళ్ళకు నమస్కారం పెడతాడు. వంటమేస్త్రి వచ్చి చెబుతాడు. "అయ్యగారూ, వెయ్యి మందికి వండాం. నెయ్యి ఇన్ని కిలోలు. గారెలు ఇన్ని." లెక్క సరిపోయింది. ఆయనకు తృప్తి. కానీ పంక్తుల మధ్య తిరిగే బాబాయి ఒకాయన ఉంటాడు చూడండి. పంచె ఎగ్గట్టి, చేతిలో నేతి గిన్నెతో. ఆయనకు తెలుస్తుంది, చివరి వరసకు నెయ్యి రానేలేదని. గారెలు మొదటి రెండు వరసల్లోనే అయిపోయాయని. వడ్డించేవాళ్ళు మండపం వైపు ఉన్న వరసలోనే తిరుగుతున్నారని. ఆయన కేకేస్తాడు. "ఇటు రండ్రా!" నెయ్యి వస్తుంది.

తండ్రి చెడ్డవాడు కాదు. లెక్కా అబద్ధం కాదు. కానీ చివరి వరస ఆకులో ఏముందో లెక్కలో కనిపించదు. మన మునిసిపల్ ఆఫీసుల్లో అందరూ మండపం దగ్గర ఉన్నారు. బాబాయి లేడు. నేను అడుగుతున్నది ప్రతి వీధికీ ఒక బాబాయి. ఒక ఉద్యోగి, ఒక వీధి, వారానికి ఒక పూట.

మా ఊళ్ళో ఒక వానాకాలం ఇలాంటి పని కొంత జరిగింది. కొత్తగా వచ్చిన కమిషనర్‌గారు ఆఫీసు సిబ్బందికి వీధులు పంచారు. బుధవారం ఉదయం అక్కడే హాజరు. మాలో చాలామంది గొణిగాం. అందులో ఒక సంఘటన చెబుతాను.

మీ ఇంటిముందు కాలువలో పూడిక తీయడం చూశారు కదా. పారతో తీసి గట్టు మీద పోస్తారు. నల్లటి బురద, మధ్యలో ప్లాస్టిక్ కవర్లు, గుట్కా పొట్లాలు, పాత చెప్పు. అది తడిగా ఉంటుంది. వెంటనే ట్రాక్టర్‌లో ఎక్కిస్తే దారి పొడవునా కారుతుంది. అందుకని ఒకటి రెండు రోజులు ఆరనిస్తారు. ఆరాక ట్రాక్టర్ వచ్చి ఎత్తుకుపోవాలి. అది పద్ధతి.

మా అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసే ఒకావిడకు అలాంటి వీధి వచ్చింది. వెళ్ళి చూస్తే కాలువ గట్టు పొడవునా పూడిక కుప్పలు. కొన్నిటి మీద గడ్డి మొలిచింది. కొన్ని మోటారు సైకిళ్ళ చక్రాల కింద పడి సగం మళ్ళీ కాలువలోకే జారిపోయాయి. ఆవిడ మేస్త్రిని అడిగింది.

"ఇది పోయిన నెల బిల్లు అయిపోయిన కాలువే కదా, మేస్త్రీ?"

"అవునమ్మా. బిల్లు తీసినందుకు. ఎత్తినందుకు కాదు" అన్నాడతను.

వెటకారం కాదు, ఉన్నమాటే చెప్పాడు. పూడిక తీసిన కూలి ఒక బిల్లు. అది కాలువ పొడవు మీటర్లలో కొలిచి ఇస్తారు. ట్రాక్టర్ ఇంకో సెక్షన్‌ది. దాని డీజిల్ ఇంకో ఫైలు. తీసినవాడికి డబ్బు ముట్టింది. ఎత్తాల్సినవాడికి కబురు అందలేదు. వాన పడితే తీసినదంతా తిరిగి కాలువలోకే. మరుసటి నెల మళ్ళీ తీత, మళ్ళీ బిల్లు. కాగితం మీద రెండు పనులూ పూర్తి. ఆ బిల్లులు ఆవిడ బల్ల మీదుగానే వెళ్ళాయి. వాటిలో తప్పు ఒక్కటీ లేదు.

తిరిగొచ్చాక ఆవిడ చిన్న మెలిక పెట్టింది. పూడిక బిల్లు వస్తే, దానితో పాటు ట్రాక్టర్ ట్రిప్పుల చీటీ కూడా ఉండాలంది. ఇంజినీరింగ్‌వాళ్ళు విసుక్కున్నారు. ఎప్పుడూ లేని రూలు ఇప్పుడెందుకన్నారు. ఆవిడ వినలేదు. "నేను చూసొచ్చానండీ" అంది. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. ఆ సీజనులో ఆ వార్డులో కుప్పలు నాలుగైదు రోజులకు మించి ఉండటం మానేశాయి.

చూశారా, ఆవిడ పార పట్టలేదు. ఆ పూట పార పట్టినా ఒక కుప్ప కదిలేది. ఆవిడ చూడటం వల్ల అన్ని కుప్పలూ కదిలాయి. అయినా చెయ్యి కలపాలని ఎందుకు అంటున్నానంటే, చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళకు మేస్త్రి ప్రతిసారీ నిజం చెప్పడు. కాసేపు గంప అందుకున్నవాళ్ళకు చెబుతాడు.

ఇంకో ఉదాహరణ. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చెత్త పాయింటు. ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉంటుంది. "ఇచ్చట చెత్త వేయరాదు" అని బోర్డు ఉంటుంది. బోర్డు కిందే చెత్త ఉంటుంది. కార్మికులు పాపం దాన్ని ఎత్తేసి, బ్లీచింగ్ చల్లి, అక్కడ రంగుల ముగ్గు కూడా వేస్తారు. ముగ్గు మీద పడేస్తే మనసు రాదని ఆశ. రెండు రోజులు ఆగుతారు. మూడో రోజు ముగ్గు మీదే సంచి పడుతుంది.

ఆఫీసులో కూర్చుంటే దీనికి ఒకటే కారణం తోస్తుంది. జనానికి బుద్ధి లేదు. వీధిలో పది నిమిషాలు టీ కొట్టు దగ్గర నిలబడితే వేరే కారణం వినిపిస్తుంది. చెత్తబండి పాట వేసుకుంటూ పొద్దున ఆరున్నరకే వెళ్ళిపోతోంది. ఆ వీధిలో సగంమంది ఆస్పత్రుల్లో, బట్టల షాపుల్లో, హోటళ్ళలో రాత్రి దాకా పనిచేసి వచ్చేవాళ్ళు. ఆరున్నరకు మంచి నిద్రలో ఉంటారు. రెండు గదుల ఇంట్లో మూడు రోజుల తడిచెత్త దాచుకోలేరు. రాత్రి వస్తూ వస్తూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడేస్తారు. దీనికి మందు జరిమానా కాదు. బండి తిరుగు ప్రయాణంలో తొమ్మిదిన్నరకు ఒకసారి ఆ సందులోకి రావాలి. బండి ఉంది, డ్రైవర్ ఉన్నాడు, ఖర్చు కూడా పెద్దగా పెరగదు. కావలసిందల్లా ఆ సంగతి తెలిసిన మనిషి ఆఫీసులో ఉండటం.

ఇప్పుడు ఇబ్బందుల సంగతి. లేవని నేననను.

మొదటిది, మాకు ఉన్న పనే ఎక్కువ అని ఉద్యోగులంటారు. అబద్ధం కాదు. ఖాళీలు నింపరు. ఎన్నికలొస్తే మునిసిపల్ ఉద్యోగి. సర్వే వస్తే మునిసిపల్ ఉద్యోగి. కాబట్టి ఈ పూట ఆదివారం పెట్టకూడదు. తెల్లారుజామున ఇంటిపనులు వదిలి రమ్మనకూడదు, ముఖ్యంగా ఆడవాళ్ళను. పనివేళల్లోనే పెట్టాలి. జీతంలో భాగంగానే లెక్క కట్టాలి. సోమవారం ఎలాగూ అర్జీల రోజు, ఆ రోజు వద్దు. వారం మధ్యలో ఒక ఉదయం చాలు.

రెండోది, బలవంతంగా చాకిరీ చేయిస్తారా అంటారు. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరీని నిషేధించింది. నేను వకీలును కాను గానీ, ఆ అధికరణం రెండో భాగం చదవడం మంచిది. ప్రజల మేలు కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ పెట్టవచ్చునని అందులో ఉంది. అయితే మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదని షరతు. మన సంగతిలో అంతదాకా పోనక్కర్లేదు. ఇది జీతం ఇచ్చే పనిగంటల్లో పని. కానీ ఆ షరతు మాత్రం మనకు పనికొస్తుంది. కమిషనర్‌గారికీ వీధి ఉండాలి. అటెండరుకూ వీధి ఉండాలి. కిందివాళ్ళకు మాత్రమే పెడితే అది శిక్ష అవుతుంది.

మూడోది ఎవరూ పైకి అనరు. మనసులో ఉంటుంది. చీపురు పట్టడం ఫలానావాళ్ళ పని అని. తరతరాలుగా కొన్ని కులాల చేతుల్లోనే చీపురు పెట్టిన సమాజం మనది. ఇప్పటికీ పారిశుధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులే. వాళ్ళు ఆఫీసుకు వచ్చినప్పుడు ఎక్కడ నిలబడతారో గమనించండి. వరండాలో. మస్టరు వేసేచోట. సెక్షన్ లోపల కుర్చీ చూపించేవాళ్ళు తక్కువ. వారానికో పూట పక్కపక్కన పనిచేస్తే ఈ దూరం అంతా పోతుందని నేను చెప్పను. జీతం రెండు నెలలు ఆలస్యమైందని మేస్త్రి చెబితే, ఆ బిల్లు ఎవరి బల్ల మీద ఆగిందో ఆ మనిషి అక్కడే ఉంటారు. అంతవరకు చెబుతాను.

నాలుగోది చాలా ముఖ్యం. ఆఫీసువాళ్ళు వస్తున్నారు కదా అని కార్మికులను తగ్గించడానికి వీల్లేదు. రోజూ ఊడ్చే పని ఉద్యోగంగా ఉండాలి, దానికి సరైన జీతం ఉండాలి. అలాగే మ్యాన్‌హోళ్ళ జోలికి, సెప్టిక్ ట్యాంకుల జోలికి ఎవరూ పోకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించడం 2013లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. ఆఫీసు ఉద్యోగైనా, కార్మికుడైనా ఒకటే. చేతులకు గట్టి తొడుగులు, కాళ్ళకు బూట్లు ఇద్దరికీ ఇవ్వాలి. ఆఫీసువాళ్ళకు కొత్తవి, కార్మికులకు చిరిగినవి కాదు.

ఇది మరీ ఎక్కువ అనుకునేవాళ్ళకు ఒక మాట. ఆఫ్రికాలో రువాండా అనే దేశం ఉంది. అక్కడ నెలలో చివరి శనివారం ఉదయం పనిచేయగల వయసున్న పౌరులంతా ఊరి పనికి రావాలి. ఉముగాండా అంటారు. నేను అంత దూరం పోవడం లేదు. కిరాణా కొట్టాయన్ని, బడిపంతులుగారిని వీధి ఊడవమనడం లేదు. మన పన్నుతో నడిచే ఆఫీసు, మన వీధుల కోసమే పుట్టిన ఆఫీసు, అందులోవాళ్ళను మాత్రమే రమ్మంటున్నాను. ఒక ఉద్యోగి, ఒక వీధి, వారానికి ఒక పూట.

ఇందులో మీరు చేయగలిగింది ఏమిటి? సోమవారం మీ మునిసిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఒక తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాసి ఇవ్వండి. మా వీధికి ఆఫీసు నుంచి ఒక ఉద్యోగిని కేటాయించండి అని. ఆంధ్రలో అయితే వార్డు స్థాయిలో పారిశుధ్యం చూసే కార్యదర్శి ఒకరు ఉంటారు. కానీ వీధులు ఎన్నో, మనిషి ఒక్కరే. వాళ్ళకు తోడు కావాలని రాయండి. ఒక్కరు రాస్తే ఫైల్లో పడుతుంది. వీధిలో పదిమంది విడివిడిగా రాస్తే కనీసం ఎందుకని అడుగుతారు.

ఎవరైనా వచ్చారనుకోండి. వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళివ్వండి. ఎండగా ఉంటే కాసేపు కూర్చోమనండి. ఆవిడ అయితే, అవసరమైతే మీ బాత్రూమ్ వాడుకోమని మీరే చెప్పండి. అడగడానికి మొహమాటపడతారు. పెన్షన్ కాగితాలు, ఇంటిపన్ను తగాదా, పక్కింటివాళ్ళ గోడ గొడవ ఆ పూట బయటికి తీయకండి. వాటికి ఆఫీసు ఉంది. తిన్నగా కాలువ దగ్గరికి తీసుకెళ్ళండి. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో చూపించండి. చెత్తబండి ఎన్నింటికి వస్తుందో, మీకు ఎన్నింటికి వీలో చెప్పండి. పోయిన వారం చెప్పింది ఏమైందని అడగండి. మర్యాదగానే, కానీ ప్రతి వారం అడగండి.